తూలి నిలదొక్కుకునే నడకను కొలిచేదెలా?

రేపల్లె పరిసరాల్లో నాట్ల రోజుల్లో పొలం గట్టు మీద నడవాలంటే కాలివేళ్లతో నేలను కరుచుకోవాలి. గట్టు వెడల్పు మహా అయితే రెండు జానలు. అటూ ఇటూ మడిలో నీళ్లు, కాళ్ల కింద నానిన నల్లమట్టి. నారుకట్టలు మోసుకుపోయే మనిషి అడుగులు ఒకదాని ఎదుట ఒకటి సూటిగా పడతాయి. మడమ జారితే నడుము ఒక పక్కకు వంగుతుంది, చెయ్యి గాల్లోకి లేస్తుంది, వెనక కాలు గబుక్కున వచ్చి కుదురుకుంటుంది. వెనక వచ్చేవాళ్లు మాట కూడా ఆపరు. అదే మనిషి పాతికేళ్ల తర్వాత ఇంట్లో, చదునైన టైల్స్ మీద, కుళాయి దగ్గర్నుంచి వంటింటికి వస్తూ పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది. కాలు జారిందంటారు అందరూ. గట్టు మీదా జారింది కదా! అప్పుడు నిలబెట్టినదేదో ఇప్పుడు లేదు. అది ఎంత తగ్గిందో మనిషి పడకముందే కొలవడానికి నూటెనభై ఏళ్లుగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. వాటిలో ఏవి నిలిచాయి, ఏవి తేలిపోయాయి, తెనాలి, బాపట్ల, రేపల్లె లాంటి ఊళ్లలో ఏవి పనికొస్తాయి అన్నది ఇక్కడ చూద్దాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారు. అందులో 80 శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాలవాళ్లే. కొలతల సరంజామా మాత్రం దాదాపుగా ధనిక దేశాల ప్రయోగశాలల్లో, బూట్లు వేసుకుని నడిచే ముసలివాళ్ల మీద తయారైంది. ఈ తేడా దగ్గరికి మళ్లీ మళ్లీ రావలసి ఉంటుంది.

ముందు నడక సంగతి. నిలబడ్డప్పుడు శరీరం బరువంతా కేంద్రీకరించే బిందువు, అంటే గరిమనాభి, రెండు పాదాల మధ్య జాగా మీదే ఉంటుంది. నడకలో అలా కుదరదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ వింటర్ 1995లో రాసిన సమీక్షలో ఈ విషయాన్ని స్పష్టంగా పెట్టారు. తల, చేతులు, మొండెం కలిసి మన బరువులో మూడింట రెండు వంతులు. అదంతా మన ఎత్తులో మూడింట రెండు వంతుల పైన కూర్చుని ఉంటుంది. మామూలు నడకలో సుమారు 80 శాతం సమయం మనం ఒంటికాలి మీదే ఉంటాం. ఆ సమయంలో గరిమనాభి పాదం లోపలి అంచుకు ఇవతలగా సాగిపోతుంది తప్ప పాదం మీదకు రాదు. అంటే ప్రతి అడుగులోనూ మనిషి ముందుకూ పక్కకూ పడిపోతూనే ఉంటాడు. రెండో కాలు సమయానికి సరైన చోట పడి ఆ పతనాన్ని ఆపుతుంది. మళ్లీ పడటం, మళ్లీ ఆపడం.

ముందుకు పడటాన్ని శరీర నిర్మాణమే చాలావరకు సర్దుకుంటుంది. ఇబ్బందంతా పక్కకు పడటంతోనే. బాబీ, కువో అనే ఇద్దరు 2000లో చేసిన ప్రయోగంలో కళ్లు మూసుకుని నడిచినవాళ్ల అడుగు పక్కలకు పడే తీరులో హెచ్చుతగ్గులు 53 శాతం పెరిగాయి. ముందువెనకల్లో 21 శాతమే. పక్కలకు నిలదొక్కుకోవడానికి మెదడు కళ్ల మీద, చెవిలోని సమతాస్థితి అవయవం మీద, పాదాల స్పర్శ మీద ఆధారపడి, అడుగడుగుకూ పాదం ఎక్కడ వేయాలో లెక్క కడుతుంది. ఈ లెక్క తెలిశాక పొలం గట్టు ఎంత కఠినమైన పరీక్షో అర్థమవుతుంది. పాదాన్ని పక్కకు వేసే వీలు గట్టు మీద లేదు. అసలు మందు తీసేసి, చీలమండ, నడుము, చేతులు అనే చిన్న మందులతో నెట్టుకురమ్మనడమే అది. పిల్లకాలువ మీద వేసిన తాటిదుంగ దాటడం ఇంకా కష్టం. ప్రయోగశాలల్లో సన్నని చెక్క దూలం మీద నడిపించే పరీక్షలున్నాయి. మన పల్లెల్లో ఆ పరీక్ష ఎప్పటినుంచో రోజూ జరుగుతోంది, మార్కులు వేసేవాళ్లే లేరు.

నిలబెట్టి చూసే పరీక్షలు ముందు పుట్టాయి. జర్మనీ వైద్యుడు మోరిట్జ్ రోంబర్గ్ 1840ల్లో రాసిన గ్రంథంలో వెన్నుపాము దెబ్బతిన్న రోగులు కళ్లు మూసుకోగానే తూలిపోతారని నమోదు చేశాడు. ముఖం కడుక్కునేటప్పుడు కళ్లు మూసుకుని ముందుకు పడిపోయేవాళ్ల సంగతి దానితోనే ముడిపడి ఉంది. పాదాలు దగ్గర పెట్టి కళ్లు మూసుకొమ్మనే ఆ పరీక్ష ఇవాళ్టికీ ప్రతి న్యూరాలజీ ఓపీలో చేస్తారు. ఇరవయ్యో శతాబ్దంలో దానికి ఫోర్స్ ప్లేట్ తోడైంది. దాని మీద నిలబడితే పాదాల కింద ఒత్తిడి ఏ చోట కేంద్రీకరిస్తోందో, అది ఎంత అటూ ఇటూ ఊగుతోందో సెకనుకు వందసార్లు రాస్తుంది. ముచ్చటైన గ్రాఫులు వస్తాయి. కానీ నిలబడి తక్కువ ఊగేవాడు నడుస్తూ పడడన్న హామీ ఏమీ లేదు. పడతానన్న భయంతో ఒళ్లు బిగపట్టుకుని నిలబడేవాళ్లు కూడా తక్కువే ఊగుతారు. నడక కోసం నిలబడటాన్ని కొలిచే ఈ అలవాటు పరికరం చేతిలో ఉండటం వల్ల కొనసాగింది తప్ప, దానికి వేరే గట్టి కారణం నాకు కనిపించదు.

ఆసుపత్రుల్లో రోజూ వాడే పరీక్షలు మరో దారిలో పెరిగాయి. కేథరిన్ బర్గ్ 1989లో రూపొందించిన స్కేలులో 14 అంశాలు, 56 మార్కులు. కూర్చోవడం, లేవడం, వంగి వస్తువు అందుకోవడం, ఒంటికాలి మీద నిలబడటం అన్నీ ఉన్నాయి గానీ, ఆశ్చర్యంగా ఒక్క నడక అంశం కూడా లేదు. అంతకు ముందు 1986లోనే మేరీ టినెట్టి నడకకూ నిలకడకూ విడివిడిగా మార్కులు వేసే పద్ధతి తెచ్చారు. 1994లో గురాల్నిక్ బృందం నిలబడటం, కొద్ది దూరం నడవడం, కుర్చీలోంచి అయిదుసార్లు లేవడం కలిపి 12 మార్కుల పరీక్ష చేసింది. తల అటూ ఇటూ తిప్పుతూ నడవడం, అడ్డాన్ని దాటడం, మెట్లెక్కడం లాంటివి చూసే డైనమిక్ గైట్ ఇండెక్స్ షమ్వే-కుక్, వూలకాట్‌ల కృషి. దాన్నే మెరుగుపరిచి 2004లో పది అంశాల ఫంక్షనల్ గైట్ అసెస్‌మెంట్ తెచ్చారు. నడకను నడకగా పరీక్షించే చవక పద్ధతుల్లో నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

అన్నింట్లోకీ ఎక్కువ ప్రచారం పొందింది మాత్రం టగ్. పోద్సియాడ్లో, రిచర్డ్‌సన్ 1991లో ప్రచురించారు. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 12 సెకన్లు దాటితే జాగ్రత్త అంటుంది. తెనాలిలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్ వరండాలో ఈ పరీక్ష ఇలా నడుస్తుంది. నేల మీద పసుపు టేపు ముక్క, గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ, అమ్మాయి చేతిలో ఫోను స్టాప్‌వాచ్. కుర్చీలో డెబ్బై దాటిన ఆవిడ.

"మామ్మగారూ, నేను ఊ అనగానే లేచి, ఆ టేపు దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చోండి. మీ మామూలు నడకే."

"మామూలుగా నేను కుర్చీలో కూర్చోనే కూర్చోను గదమ్మా!"

పదకొండు సెకన్లలో తిరిగొచ్చింది. పాసే. అమ్మాయి రెండోసారి కూరగాయల పేర్లు చెబుతూ నడవమంది. వంకాయ, దొండకాయ, బెండకాయ అంటూ టేపు దాకా బాగానే వెళ్లింది. తిరగబోయే చోట కాకరకాయ గుర్తురాక ఆగింది, గోడ మీద చెయ్యి పడింది. గోడ మీద పడిన ఆ చెయ్యిని స్టాప్‌వాచ్ చూడలేదు. చూసింది ఆ అమ్మాయి. కాగితం మీద ఆమె సెకన్లతో ఊరుకోకుండా పక్కన ‘మలుపులో ఆగింది, గోడ పట్టుకుంది’ అని రాసింది. ఆ ఒక్క ముక్క విలువ తర్వాత వచ్చే డాక్టరుకు సెకన్ల కంటే ఎక్కువ.

మామ్మగారి మాటలో పెద్ద విమర్శే ఉంది. కుర్చీతో మొదలయ్యే పరీక్షలన్నీ కుర్చీల సమాజంలో పుట్టాయి. బాసింపట్టు వేసుకుని కూరలు తరిగే మనిషికి రోజులో అన్నింటికంటే ప్రమాదకరమైన కదలిక నేల మీంచి లేవడం. బ్రెజిల్‌లో అరౌజో బృందం నేల మీద కూర్చుని, చేతులూ మోకాళ్లూ ఆన్చకుండా లేవడానికి పది మార్కులు పెట్టింది. 51 నుంచి 80 ఏళ్ల మధ్యవారు రెండువేల మందిని కొన్నేళ్లు గమనిస్తే, మార్కులు తక్కువ వచ్చినవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఇది నేరుగా నడక పరీక్ష కాకపోయినా, కాళ్ల బలం, కీళ్ల వంపు, నిలకడ మూడింటినీ ఒక్కసారిగా చూపిస్తుంది. పైగా మనవాళ్లకు నేర్పనక్కర్లేని పని.

ఇక టగ్ ఎవరు పడతారో ముందే చెప్పగలదా? 2014లో బ్యారీ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, ఇళ్లలో ఉండే వృద్ధుల విషయంలో అది సరిగా చెప్పలేదని తేల్చింది. బాగా బలహీనపడ్డవాళ్లను అది పట్టుకుంటుంది, నిజమే. వాళ్లను పట్టుకోవడానికి పరీక్ష అక్కర్లేదు, గుమ్మం దాటేటప్పుడు చూస్తే తెలిసిపోతుంది.

నడక వేగం సంగతి కాస్త వేరు. 2011లో స్టుడెన్‌స్కీ బృందం తొమ్మిది అధ్యయనాల్లోని 34,485 మంది వృద్ధుల వివరాలు కలిపి, మామూలు నడక వేగాన్ని బట్టి ఆయుష్షును అంచనా వేయవచ్చని చూపించింది. కండ క్షీణతపై ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో సెకనుకు 1 మీటరు కంటే తక్కువ వేగాన్ని హెచ్చరికగా పెట్టింది. అంతకు ముందు ఆ హద్దు 0.8 మీటర్లు. మన దేశంలోనూ ఇది కొలిచారు. ముంబైలోని ఐఐపీఎస్, హార్వర్డ్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు కలిసి 2017-18లో చేసిన లాసి సర్వేలో, 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా పాల్గొన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా అందులో ఉన్నాయి. ఇళ్లకు వెళ్లి, 4 మీటర్లు నడిపించారు. ఒక పాదం ముందు మరో పాదం పెట్టి నిలబెట్టారు. చేతి పట్టు బలం చూశారు. ఇంత పెద్ద ఎత్తున మనవాళ్ల నడకను గడియారం పెట్టి చూసిన సందర్భం ఇదే.

వేగం చవక, నమ్మకమైనది. ఆయువుకూ ఆరోగ్యానికీ అద్దం. నిలకడకు మాత్రం అది మసక అద్దమే. నెమ్మదిగా నడవడం బలహీనత కావచ్చు, జాగ్రత్త కావచ్చు. డింగ్‌వెల్, కుసుమానో 2000లో మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్లను నడిపించి చూశారు. వాళ్లు నెమ్మదిగా నడిచారు, ఆ నెమ్మది నడకలో చిన్న చిన్న ఒడుదొడుకులను తట్టుకునే నిలకడ తగ్గలేదు. వేగాన్ని తగ్గించుకుని నిలకడను కాపాడుకున్నారన్నమాట. వేగం ఒక్కటే చూసి వాళ్లకు తక్కువ మార్కులు వేస్తే, శరీరం తెలివిగా చేసుకున్న సర్దుబాటును జబ్బుగా రాసినట్టే.

అందుకే కొందరు పరిశోధకులు సగటును వదిలి హెచ్చుతగ్గుల వెంట పడ్డారు. ఆరోగ్యవంతుడి అడుగుకూ అడుగుకూ మధ్య పట్టే సమయం దాదాపు ఒకేలా ఉంటుంది. హాస్‌డార్ఫ్ బృందం 2001లో 52 మంది వృద్ధులను ఏడాది పాటు గమనించి, ఈ సమయం ఎక్కువగా మారుతూ ఉన్నవాళ్లే తర్వాత పడ్డారని చూపింది. వాళ్ల నడక వేగం సగటు మిగతావాళ్ల కంటే పెద్దగా వేరు కాదు. 1997లో బ్రయన్ మాకీ ఇంకో మెలిక చూపించారు: అడుగుల పొడవు తగ్గడం, నెమ్మదించడం లాంటివి పడతామన్న భయంతో ముడిపడి ఉంటే, అడుగడుక్కీ వచ్చే మార్పులు నిజంగా పడటంతో ముడిపడి ఉన్నాయి. భయాన్నీ ప్రమాదాన్నీ విడదీయగలిగిన కొలత కాబట్టి దీన్ని నేను పైమెట్టు మీద ఉంచుతాను. ఒక చిక్కు ఉంది. హెచ్చుతగ్గులు తెలియాలంటే పదుల సంఖ్యలో అడుగులు కావాలి. 4 మీటర్లలో ఆరేడు అడుగులకు మించి పడవు. రెండు నిమిషాలైనా ఆగకుండా నడిపించాలి.

యంత్రశాస్త్రం చదివినవాళ్లకు నచ్చే కొలత మరొకటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన హాఫ్ 2005లో ప్రతిపాదించారు. గరిమనాభి ఎక్కడుందో చూస్తే చాలదు, ఎటు ఎంత వేగంగా పోతోందో కూడా కలపాలన్నది ఆయన వాదం. కాలు పొడవు 90 సెంటీమీటర్లనుకుందాం. గరిమనాభి పక్కకు సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో జరుగుతుంటే, అది ఇప్పుడున్న చోటు కంటే మరో 9 సెంటీమీటర్లు అవతల ఉన్నట్టే లెక్క. పాదం అంతకంటే అవతల పడితే నిలుస్తాం, ఇవతల పడితే మరో అడుగు వేసి సర్దుకోవాలి. ఆ మిగులు దూరాన్నే మార్జిన్ ఆఫ్ స్టెబిలిటీ అంటారు. సూత్రం చక్కగా ఉంది, అర్థం చెప్పుకోవడంలోనే గొడవ. హాఫ్ బృందమే మోకాలి పైన కాలు తీసేసినవాళ్ల మీద చూస్తే, కృత్రిమ పాదం వైపు ఈ మార్జిన్ ఎక్కువగా వచ్చింది. పాదాన్ని సరిగ్గా అనుకున్న చోట వేయగలనన్న నమ్మకం లేక ఆ వైపు వెడల్పుగా వేస్తారు వాళ్లు. కాబట్టి మార్జిన్ పెద్దదైతే మంచిదని రాసే ప్రతి పత్రాన్నీ అనుమానంగా చదవాలి.

కృత్రిమ పాదం మాట వచ్చింది కాబట్టి ఒక మాట. జైపూర్‌లో రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి తయారుచేసిన జైపూర్ పాదం చెప్పులు లేకుండా నడిచేవాళ్ల కోసం, గొంతుక్కూర్చునేవాళ్ల కోసం, బురదలో దిగే రైతు కోసం పుట్టింది. పాదం తయారుచేసినవాళ్లు మన నడకను చూసి చేశారు. కొలతలు తయారుచేసినవాళ్లు ఆ పని ఇంకా చేయలేదు.

గణిత పద్ధతుల్లో ల్యాపునోవ్ ఘాతాంకం లాంటివి ఇంకా ఉన్నాయి. నడకలో పుట్టే అతి చిన్న తేడా కొద్ది అడుగుల్లో సద్దుమణుగుతుందా, పెరిగిపోతుందా అని అవి చూస్తాయి. బ్రౌన్, వాన్ డీన్ బృందం 2013లో ఈ కొలతలన్నిటినీ వరసపెట్టి తూకం వేసి రాసిన సమీక్ష ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు మొదట చదవదగ్గది. చిన్న కుదుపుల లెక్కతో పెద్ద తూలుడును ఊహించవచ్చా అన్న ప్రశ్న వాళ్లు లేవనెత్తారు, అది ఇంకా అలాగే ఉంది.

పెద్ద తూలుడును చూడాలంటే మనిషిని తూలనివ్వాలి. పైనుంచి తాడు కట్టి, నేలలోని పలకను ఉన్నట్టుండి జరపడమో, ట్రెడ్‌మిల్‌ను కుదపడమో చేస్తారు. అమెరికాలో పాయ్, తన్వీ భట్ తదితరులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో వృద్ధులను ఒకే రోజు 24 సార్లు జారేలా చేశారు. ఆ తర్వాత ఏడాదిలో వాళ్లు పడటం సగానికి తగ్గింది. నాకు ఈ రంగంలో అన్నింటికంటే ఆశ కలిగించిన ఫలితం ఇది. కొలతే చికిత్స అయిపోయింది. నిలదొక్కుకోవడం నేర్చుకోగల పని అని తేలింది.

అయితే మనుషులు నిజంగా ఎలా పడుతున్నారో తెలియకుండా ఏ తూలుడు పరీక్షించాలి? కెనడాలో రాబినోవిచ్ బృందం రెండు వృద్ధాశ్రమాల్లో కెమెరాలు పెట్టి 227 పతనాలను రికార్డు చేసి 2013లో ప్రచురించింది. 41 శాతం సందర్భాల్లో కారణం బరువును ఒక కాలి నుంచి మరో కాలికి సరిగా మార్చుకోలేకపోవడం. తట్టుకుని పడటం 21 శాతం. జారి పడింది 3 శాతమే! పొడి నేల, మెత్తటి బూట్లు, పట్టుకోడానికి కడ్డీలు ఉన్న భవనాల లెక్క అది. మన ఇళ్లలో బాత్రూమ్ తడి ఆరదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి వట్టికాళ్లతో లోపలికి వస్తాం. గడప ఒకటుంటుంది. వానాకాలంలో పెరట్లో పాకుడు. ఆ 3 శాతాన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకుంటే నష్టపోతాం. కానీ ఆ 41 శాతం మాత్రం ఆలోచించదగ్గది. జారడం మీదకు నెట్టేసే చాలా పతనాల్లో అసలు తప్పు బరువు మార్చుకోవడంలోనే జరిగి ఉండవచ్చు.

మాట్లాడుతూ నడవడం మరో సంగతి. స్వీడన్‌లో లుండిన్-ఓల్సన్ బృందం 1997లో వృద్ధాశ్రమంలోని 58 మందితో నడుస్తూ మాటలు కలిపింది. 12 మంది జవాబు చెప్పడానికి ఆగిపోయారు. ఆరు నెలల్లో వాళ్లలో పదిమంది పడ్డారు. యంత్రం లేదు, గడియారం లేదు. ఆగనివాళ్లంతా క్షేమమని మాత్రం దీన్నిబట్టి అనుకోకూడదు. వంద నుంచి ఏడేసి తీసేయమనే లెక్కలు బడికి పోనివాళ్లకు అవమానంగా ఉంటాయి. కూరగాయల పేర్లు, మనవల పేర్లు, రైలు స్టేషన్ల పేర్లు వాడుకోవచ్చు. తెనాలి నుంచి రేపల్లె దాకా స్టేషన్లు వరసగా చెప్పమంటే ఈ ప్రాంతంవాళ్లు సరదాగా చెబుతారు. వెనక నుంచి చెప్పమంటేనే నడక నెమ్మదిస్తుంది.

గత పాతికేళ్లలో వచ్చిన పెద్ద మార్పు ఒంటికి కట్టుకునే సెన్సర్లు. నడుము వెనక అగ్గిపెట్టె అంత యాక్సెలరోమీటర్ కట్టి నడిపిస్తే మొండెం ఎలా కుదుపుకు లోనవుతోందో తెలుస్తుంది. నార్వేకు చెందిన మో-నిల్సన్ 1998లోనే ఈ పద్ధతికి పునాది వేశారు. తర్వాత ఇజ్రాయెల్‌లో వైస్, నెదర్లాండ్స్‌లో వాన్ స్కూటన్ బృందాలు దాన్ని ఇంటికి పంపి, రోజువారీ నడకను రోజుల తరబడి రికార్డు చేశాయి. ఆసుపత్రిలో కొలిచిన నడక కంటే ఇంట్లో నడిచే నడకే పడటాన్ని బాగా పసిగట్టింది. ఇందులో ఆశ్చర్యమేముంది? డాక్టరు చూస్తుంటే ఎవరైనా నిటారుగానే నడుస్తారు.

మన దగ్గర అమలు మాటెత్తితే చిన్న చిన్న ప్రశ్నలు పుట్టుకొస్తాయి. చీర కట్టులో నడుము వెనక పెట్టెను ఎక్కడ బిగించాలి? కుచ్చిళ్ల బిగువుకు అది జరిగిపోతుంది. మగవాళ్లలో మొలతాడు ఉన్నవాళ్లకు దానికే తగిలిస్తే సరిపోతుందా, ఊగుతుందా? చొక్కా జేబులో ఫోను పెట్టి కొలిచే యాప్‌లు జేబు ఊగడాన్నీ మనిషి ఊగడాన్నీ ఒకటే అనుకుంటాయి. ఇక నేల. బాపట్ల పక్కన సూర్యలంక ఇసుకలో నడిస్తే గట్టినేల మీద కంటే రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. 1998లో బెల్జియంలో ఇసుక మీద చేసిన ప్రయోగం 2.1 నుంచి 2.7 రెట్లు అని లెక్క కట్టింది. ఇసుకలో జాలరి నడకను, బురద గట్టు మీద కూలీ నడకను, తెనాలి బజారులో సిమెంటు రోడ్డు మీది నడకను ఒకే సాఫ్ట్‌వేర్ ఒకే హద్దుతో తీర్పు చెబితే అది ఎవరికీ పనికిరాదు.

కొలత ఎంత బాగున్నా కారణం వైపు వేలు చూపకపోతే వైద్యుడికి ప్రయోజనం తక్కువ. ఫే హోరాక్ బృందం 2009లో తెచ్చిన బెస్ట్ పరీక్ష ఈ లోటు తీర్చడానికి, నిలకడను ఆరు భాగాలుగా విడదీసి, ఏ భాగం దెబ్బతిందో చూస్తుంది. దాని పొట్టి రూపంలో 14 అంశాలే. మన ప్రాంతంలో కారణాలు ఎక్కడ వెతకాలో కొంతవరకు తెలుసు. కళ్లు మొదటిది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన శ్రీనివాస్ మార్మముల బృందం హైదరాబాద్ వృద్ధాశ్రమాల్లో హోమ్స్ పేరిట చేసిన అధ్యయనంలో చూపు తగ్గడాన్నీ కిందపడటాన్నీ కలిపి పరిశీలించింది. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో చూపించే కళ్లద్దాలతో మెట్లు దిగడం ప్రమాదమని ఆస్ట్రేలియాలో స్టీఫెన్ లార్డ్ బృందం 2002లోనే చెప్పింది. మధుమేహం రెండోది, 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా దాని బారిన పడ్డారు. పాదాల్లో స్పర్శ పోయినవాడు కళ్లతోనే నేలను చూసుకుంటూ నడుస్తాడు, కరెంటు పోతే తూలుతాడు.

మూడోది ఫ్లోరైడ్. 1937లో షార్ట్ బృందం మద్రాసు ప్రెసిడెన్సీలోని అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే ఇప్పటి ప్రకాశం మెట్ట ప్రాంతాల్లో, ఎముకలకు ఫ్లోరోసిస్ పట్టినవాళ్లను వర్ణించింది. వెన్ను బిగుసుకుపోయి, వెన్నుపాము నలిగి, కాళ్లు కర్రల్లా సాగే నడక. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో నల్లగొండ వైపు మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి రాశారు. మెట్ట ఊళ్ల నుంచి బాపట్ల, తెనాలి ఆసుపత్రులకు వచ్చే నడక సమస్యల్లో దీన్ని మరిచిపోకూడదు.

చివరగా రెండో కొస. నిలకడ పరిశోధనంతా పడిపోయేవాళ్ల చుట్టూ తిరుగుతుంది. నిలదొక్కుకోవడంలో ఆరితేరినవాళ్లను కొలిస్తే పై హద్దు ఎక్కడుందో తెలుస్తుంది. రేపల్లె నుంచి కృష్ణ దాటి అవతలికి పోతే మొవ్వ మండలంలో కూచిపూడి. అక్కడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు బిగించి, ఒక్కోసారి తల మీద నీళ్ల చెంబుతో, తాళం తప్పకుండా పళ్లేన్ని కదుపుతుంది. పాదం ఎత్తే వీలే లేదు; బరువు మార్చడం ఒక్కటే సాధనం. కెనడా కెమెరాలు పట్టుకున్న లోపానికి ఇది సరిగ్గా తలకిందులు. కెన్యాలో నెత్తిన బరువు మోసే ఆడవాళ్ల మీద 1986 నుంచి పరిశోధనలు వచ్చాయి, వాళ్లు ఒంటి బరువులో ఐదో వంతు దాకా అదనపు శక్తి ఖర్చు లేకుండా మోస్తారని. దక్షిణాఫ్రికాలో తర్వాత చూస్తే అలా కనిపించలేదు. అవి శక్తి లెక్కలు. మోపు నెత్తిన ఉన్నప్పుడు తల ఎంత కదలకుండా ఉంటుంది, గట్టు మీద జారినప్పుడు మోపును కాపాడుకుంటూ కాలు ఎలా సర్దుకుంటుంది అన్నది నిలకడ లెక్క.

మూడు ఊళ్లకు ఇప్పుడు ఏం చేయవచ్చు? మోషన్ కెమెరాల ప్రయోగశాల ఒకటి చాలు, అదీ గుంటూరు వైద్య కళాశాలలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో ఉంటే సరి. ఊళ్ల ఆసుపత్రులకు పది మీటర్ల వరండా కావాలి. 60 దాటి ఏ పని మీద వచ్చినవాళ్లనైనా రెండు నిమిషాలు అటూ ఇటూ నడిపించడం, అందులో సగం సేపు మాట్లాడిస్తూ. నేల మీద కూర్చుని లేవమనడం. గడిచిన ఏడాదిలో పడ్డారా, పడబోయి ఆగారా అని అడగడం. పడబోయి ఆగడం గురించి ఎవరూ అడగరు, నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. కాగితంలో వట్టికాళ్లా, చెప్పులా, చీరా, లుంగీయా, చేసిన పని ఏమిటి అన్న గడులు ఉండాలి. ఆ తర్వాత ఆశా కార్యకర్త నెలకోసారి ఫోను చేసి పడ్డారేమో కనుక్కోవాలి, ఏడాది పాటు. పడినట్టు చెబితే ఎక్కడ, ఏ వేళ, నేల తడిగా ఉందా, చేతిలో ఏముంది, ఏ కాలి మీదున్నప్పుడు అని రాసుకోవాలి. ఆ సమాచారం పోగుపడ్డాక 12 సెకన్లు, 1 మీటరు లాంటి హద్దులు మనవాళ్లకు ఎక్కడ పెట్టాలో తేల్చవచ్చు. నాట్లు వేసినవాళ్లకు ఒకటి, బజారులో కొట్టు నడిపినవాళ్లకు ఇంకొకటి రావచ్చు. పరీక్ష చేసే రోజుల్లో నాట్ల కాలం కూడా ఉండేలా చూసుకోవాలి. గట్టెక్కడం ఎప్పుడు మానేశారని ఆ కాగితంలో ఒక ప్రశ్న చేర్చడం మరవకూడదు, ఎందుకంటే చాలామంది పడటానికి ముందే ఆ నడక మానేస్తారు.